గట్టు జరిపిన చేయి

"గట్టు జరిపిందెవరో చెప్పండి. చెప్పేదాకా ఇక్కడి నుంచి కదలను."

వీరరాఘవయ్య వాకిట్లో నిలబడి ఉన్నాడు. చంకలో మనవరాలి లాప్‌టాప్. దాని మౌస్ తీగ మట్టిలో ఈడ్చుకుంటూ వచ్చింది. వెనకే ఆ మనవరాలు హైమ, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చిన పిల్ల, ఆ తీగను చుట్టచుడుతూ శృతి వైపు బిక్కమొహం వేసుకుని చూసింది.

శృతి తల్లి శైలజ అరుగు మీద కూర్చుని బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు.

"ఏ గెట్టు పెద్దయ్యా? గెట్టు ఏడుండాల్నో గాడ్నే ఉన్నది. పొద్దుగాల దాని మీదికెల్లే నడిసొచ్చిన నేను."

"పొలంలో గట్టు కాదమ్మా. ఇందులో గట్టు!" వీరరాఘవయ్య లాప్‌టాప్ మీద అరచేత్తో తట్టాడు.

చేట ఆగింది. శైలజ మొహంలో నవ్వు ముందు పుట్టింది, తర్వాతే మాట వచ్చింది.

"ఆటల గెట్టుకు పంచాదికొచ్చిన్రా?"

"నవ్వకు. ఆటయినా నా చేను నా చేనే. మా కోడలు ఇందిర తెర చూసి మురిసిపోయింది. అదిగో మన మోటారు గది, అదిగో మన కొట్టం అని. నేనూ మురిశాను. ఆ తర్వాత చూశాను. గట్టు వచ్చి నా చేలో కూర్చుంది."

మంచం మీద కూర్చున్న లింబయ్య, శృతి తాత, తల తిప్పి చూశాడు. తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

శృతి తల దించుకుంది. గట్టు జరిపింది తనే. నిన్న మధ్యాహ్నం.

ఆ గట్టు మీద రెండిళ్లకూ మాటలు పోయిన సంగతి ఊళ్లో తెలియని వాళ్లు లేరు. హద్దురాయి దగ్గర ఎవరో పార పెట్టారని మొదలైంది. సర్వేయరు వచ్చి గొలుసు పట్టి కొలిచి, గట్టు ఉండాల్సిన చోటే ఉందని చెప్పి పోయాడు. గట్టు తేలింది గానీ మాటలు తిరిగి రాలేదు. ఈ ఆడపిల్లలిద్దరూ ఒక లాప్‌టాప్ ముందు కూర్చున్నాకనే ఇటు నుంచి మక్క గారెలు, అటు నుంచి గోంగూర పచ్చడి నడవడం మొదలుపెట్టాయి.

నిజామాబాద్‌లో ఆటలు తయారుచేసే ఒక చిన్న కంపెనీ వీళ్లిద్దరికీ పరీక్ష పెట్టింది. తమ సొంత మ్యాప్ ఎడిటర్ చేతిలో పెట్టి, మీకు తెలిసిన నేల మీద ఒక లెవెల్ కట్టి తెమ్మంది. ఎడిటరంటే ఉత్త బయలు. నేల, నీళ్లు, గోడ, దారి, ఎద్దు, మనిషి, అన్నీ మౌస్‌తో తెచ్చి మనమే నిలబెట్టాలి. కంపెనీలో అరుణ్ సార్ ఒకే షరతు చెప్పాడు. కొత్త మనిషి ఒకరు ఆడతారు. పక్కనుంచి ఎవరూ నోరు విప్పకూడదు. ఆ మనిషి చెరుకు బండిని చేను నుంచి ఫ్యాక్టరీ లోపలికి చేర్చగలిగితే ఇద్దరికీ పని. లేకపోతే లేదు.

రేపు పొద్దున్నే చూపించాలి.

ఆ ఎడిటర్ శృతిని తక్కువ ఏడిపించలేదు. కాలేజీలో నేర్చుకున్న దానిలో మౌస్ చక్రం తిప్పితే బొమ్మ దగ్గరికొచ్చేది. ఇందులో చక్రం తిప్పితే ఇల్లు తలకిందులయ్యేది. నేల పరిచింది గానీ అది గట్టి నేలని చెప్పడం మరిచిపోతే, ఎద్దులూ బండీ కలిసి భూమిలోకి దిగిపోయాయి. కాలువ గీస్తే నీళ్లు గాల్లో నిలబడ్డాయి. హైమ పొట్ట పట్టుకుని నవ్వేది. శృతికి ఏడుపొచ్చేది. ఒక్కొక్క మీట ఏం చేస్తుందో నొక్కి నొక్కి తెలుసుకుని, చివరికి తమ రెండు చేలనూ, మధ్య గట్టునూ, కాలువనూ, దూరంగా ఫ్యాక్టరీ చిమ్నీనీ నిలబెట్టారు.

"శృతీ, నువ్వే చెప్పు." వీరరాఘవయ్య గొంతు తగ్గింది. తగ్గిన గొంతే ఎక్కువ భయపెట్టింది. "ఎందుకు జరిపావు?"

"బండి మలుపు మల్గలేదు తాతా. రాయి కాడ వంపున్నది గదా. నిండు బండి ఆడికొచ్చి ఇరుక్కుంటున్నది. జరంత జాగ కోసమని జరిపిన."

"జాగా కావాలంటే మీ వైపు జరపొచ్చుగా?"

"మా దిక్కు బాయి ఉన్నది గదా."

వీరరాఘవయ్య అరుగు మీద లాప్‌టాప్ తెరిచాడు. తెర వైపు వేలు చూపించాడు.

"ఏదీ బావి?"

శృతి చూసింది. బావి లేదు. బావిని ఇంకా కట్టనే లేదు. వాళ్ల వైపు అంతా ఖాళీ నేల.

నిన్న ఆ గట్టును పట్టుకున్నప్పుడు ఎటు జరపాలని ఆలోచించిన గుర్తు కూడా లేదు. చెయ్యి దానంతట అదే అటు పోయింది. ఇంట్లో చిన్నప్పటి నుంచి విన్న మాటలు చేతిలోకి ఎప్పుడు దిగాయో ఆమెకే తెలియదు.

శైలజ నవ్వు ఆరిపోయింది. లేచి నిలబడింది.

"పిల్ల మీద ఏందిగ లొల్లి? మీకు పంచాది కావాల్నంటే పెద్దలతోని పెట్టుకోరి. అది సదువుకునే పోరి."

"చదువుకునే పిల్లే నా చేను కోసింది!"

"కోసిందా? మీ చెరుకొక్క గడన్న తక్కువయ్యిందా?"

"ఇవ్వాళ తెర మీద జరిగింది. రేపు ఇది చూసి ఎవడో, లింబయ్య గట్టు అక్కడిదాకా ఉండేదట అంటాడు. ఊళ్లో పిల్లలందరూ ఆడతారని హైమే చెప్పింది."

"తాతయ్యా, నేనా మాట అన్నది ఇందుకా?" హైమ ముందుకొచ్చింది.

"నువ్వు మాట్లాడకు. పద ఇంటికి. ఈ ఆటా వద్దు, ఈ కంపెనీ వద్దు."

లాప్‌టాప్ మూత పడింది. కట్టినదంతా అందులోనే ఉంది.

అప్పుడు లింబయ్య నోరు విప్పాడు. ఆయన మాట నింపాదిగా వస్తుంది. వచ్చేదాకా అందరూ ఆగాల్సిందే.

"రాఘవయ్యా. కూసో."

"కూర్చోను."

"పిల్ల తప్పు పెట్టింది. తప్పే. నీ ముందట్నే సక్కగ పెడ్తది. సూసుకోని పో."

శైలజ మామ వైపు కోపంగా చూసింది. "మామా, మీరు గిట్లనే..."

"ఊకో బిడ్డా."

వీరరాఘవయ్య కాసేపు అటూ ఇటూ చూశాడు. కూర్చోవడానికి లింబయ్య మంచం తప్ప ఇంకేమీ లేదు. మంచం కొసన, దిగిపోవడానికి సిద్ధంగా ఉన్నవాడిలా కూర్చున్నాడు. నులక కిర్రుమంది.

శృతి లాప్‌టాప్ ముందేసుకుని కింద కూర్చుంది. పక్కన హైమ. గట్టును పట్టుకుని వెనక్కి లాగింది. ఎడిటర్‌లో నేలంతా గళ్లు గళ్లుగా ఉంటుంది, ఏ వస్తువు పెట్టినా పోయి గడి గీతకు అతుక్కుంటుంది. గట్టు కూడా బద్దలా తిన్నగా పోయి గీతకు కరుచుకుంది.

"తిన్నగా కాదు," అన్నాడు వీరరాఘవయ్య. "రాయి దగ్గర వంపు ఉంటుంది."

"ఈ మీట నొక్కి పట్టు," అని హైమ గుసగుసగా చెప్పింది. "అప్పుడు గీతకు అతుక్కోదు."

శృతి నొక్కి పట్టింది. గట్టు వంగింది. రాయి చుట్టూ తిరిగింది.

"ఇంకాస్త."

"గంతే," అన్నాడు లింబయ్య.

"ఇంకాస్త అంటున్నాగా?"

"ఇంకాస్త జరిపితే మా సేన్లకొస్తది రాఘవయ్యా."

వీరరాఘవయ్య తెరకు దగ్గరగా వంగి చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "సరే. అంతే."

గట్టు దాని చోటికి అది వచ్చింది. ఇక ఆయన లేచి లాప్‌టాప్ తీసుకుని వెళ్లిపోతాడేమోనని శృతి మౌస్ గట్టిగా పట్టుకుంది.

"బండి తోలు," అన్నాడు లింబయ్య. "ఇరుక్కుంటది అంటివి గదా. సూద్దాం."

శృతి బండి తోలింది. నిండా చెరుకుతో బండి గట్టు వెంట వచ్చింది. రాయి దగ్గర చక్రం తగిలింది. ఎద్దులు ఉన్నచోటే కాళ్లు ఆడిస్తూ నిలబడిపోయాయి.

"వెనక్కి లాగు ఎద్దుల్ని!"

"ఎనుకకు పోవు తాతా. మేం నేర్పలే వాటికి."

"బండి తోలడం వచ్చా మీకసలు? ఇటివ్వు." వీరరాఘవయ్య మంచం దిగి కింద చతికిలపడ్డాడు. కంటికి దగ్గరగా పెట్టి ఒక్కో మీటా వెతికి నొక్కాడు. బండి మొదటి నుంచి మళ్ళీ బయలుదేరి, అదే రాయికి అదే చక్రం తగిలి అలాగే ఆగింది. నోటితో ఎద్దుల్ని అదిలించాడు కూడా. హైమ మొహం పక్కకు తిప్పుకుంది.

"మరి అప్పట్లో మనం ఎలా పోయేవాళ్లం ఇక్కడ?" తనలో తను అనుకున్నట్టు అన్నాడు.

"నిండు బండి గాడ ఎన్నడు మల్గింది?" లింబయ్య అన్నాడు. "నీ చెరుకు కొట్టినంక, గెట్టు తెంపి, నీ మోళ్ల మీదికెల్లే గదా మల్పుకున్నం."

"నా మోళ్ల మీద నుంచేనా? ముందు నీది కొట్టిన ఏడు నా బండ్లు నీ మోళ్ల మీద పోలేదూ?"

"పోయినయి. పోయి నా నేలంత గట్టిపడ్డది."

"దున్నించి పెట్టాను కదయ్యా!"

"పెట్టినవ్. నేను కాదన్ననా? నేను పోయినప్పుడు గెట్టు మల్ల కట్టియ్యలేదా నీకు?"

"కట్టావు. నువ్వు కట్టిన గట్టు నేను కట్టినదానికన్నా గట్టిగా ఉండేది, అదీ చెబుతా."

ఇద్దరూ అరుచుకుంటూనే ఉన్నారు. కానీ ఆ అరుపులో ఇందాకటి మంట లేదు. పాత ఏర్పాటు ప్రకారం ఒక ఏడు ఒకరిది ముందు నరకడం, ఇంకో ఏడు రెండోవారిది. ముందు నరికినవాళ్లు కాలువ చుట్టూ తిరిగి పోవాలి. వాళ్ల చేను ఖాళీ అయ్యాక గట్టు కొంచెం తెంపి, వెనక నరికేవాళ్ల బండ్లకు మలుపు ఇవ్వాలి. పోయినవాళ్లు గట్టు తిరిగి కట్టాలి. మాటలు పోయిన నాటి నుంచి అదీ పోయింది. ఇప్పుడు ఇద్దరి ట్రాక్టర్లూ కాలువ చుట్టూనే తిరుగుతున్నాయి.

శృతి వాళ్ల మాటలు వింటోంది. కళ్లు మాత్రం తెర మీద ఉన్నాయి. ఇరుక్కున్న బండి, పక్కన నిలువెత్తు చెరుకు.

"హైమా! గెట్టు జరపొద్దే. గెట్టు తెర్సుకోవాలె. అవుతలి చెరుకు కొడితేనే తెర్సుకోవాలె."

హైమ కళ్లు పెద్దవి చేసింది. "ఆ పసుపు దారం!"

ఎడిటర్‌లో ఒక పసుపు దారం ఉంది. ఒకటి జరిగితే ఇంకొకటి జరగాలంటే రెంటినీ ఆ దారంతో కలపాలి. అది ముట్టుకుంటే అన్నీ చెడిపోతాయన్న భయంతో శృతి ఇన్నాళ్లూ దాని జోలికి పోలేదు. ఇప్పుడు దారం లాగింది. గట్టు నుంచి చెరుకుకు ముడి వేసింది.

"తోలు తాతా."

వీరరాఘవయ్య బండి తోలాడు. చక్రం గట్టుకు తగిలింది. మరుక్షణం ఆయన చేను మొత్తం మాయమైంది. ఒక్క గడ లేదు.

"నా చెరుకు!" అని కేకపెట్టి నిలబడ్డాడాయన.

శైలజ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా ఆగలేదు, నవ్వు బయటికొచ్చింది. హైమ నవ్వింది. లింబయ్య భుజాలు ఊగుతున్నాయి. చివరికి వీరరాఘవయ్య మీసాల కింద కూడా ఏదో కదిలింది.

"ఉల్టా కట్టిన," అంది శృతి నాలుక కరుచుకుని. "దారం చెరుకు కాడికెల్లి గెట్టు కాడికి పోవాలె."

విప్పి మళ్ళీ కట్టింది.

"ఇప్పుడు ఎవ్వరు మాట్లాడొద్దు. తాతా, మీరే కొత్త మనిషి. మీకే సమజ్ కావాలె."

వీరరాఘవయ్య మళ్ళీ కూర్చున్నాడు. బండి ఇరుక్కుంది. చుట్టూ చూశాడు. చెప్పాలని లింబయ్య నోరు తెరిస్తే శృతి వేలు చూపించింది. వీరరాఘవయ్య తెర మీద బండి దిగి, అటు ఇటు తిరిగి, గట్టు దాటి పక్క చేలోకి పోయాడు. అక్కడ ఒక కత్తి ఉంది. తీసుకున్నాడు. చెరుకు నరికాడు. చివరి వరుస పడగానే, రాయి పక్కన గట్టు మెల్లగా తెరుచుకుంది.

"ఓహో," అన్నాడు. తర్వాత గర్వంగా అటు తిరిగి, "చూశావా లింబయ్యా? నీ బండి కదలాలంటే ముందు నా చెరుకు కొట్టాలి."

"ఆటల," అన్నాడు లింబయ్య.

బండి చెరుకు మోళ్ల మీద విశాలంగా మలుపు తిరిగింది. కాలువ వెంట పోయింది. చిమ్నీ దగ్గరికొచ్చింది. ఫ్యాక్టరీ గేటు ముందు బండి ఆగింది.

గేటు తెరుచుకోలేదు.

వీరరాఘవయ్య అన్ని మీటలూ నొక్కాడు. గేటు చుట్టూ తిరిగొచ్చాడు. "తాళం ఉంది దీనికి. తాళంచెవి ఎక్కడ పెట్టారు?"

శృతి, హైమ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"తాళంచెవి పెట్టలే తాతా. లోపల కూడ ఏం కట్టలే."

"లోపలికి చేర్చాలని కదా అన్నాడు మీ సారు?"

శృతికి అప్పుడే తెలిసింది. లెవెల్ మొదలుపెట్టిన నాడు చూసిన గేటును చూసినట్టే కట్టింది. తాళం, తుప్పు, కింద మొలిచిన గడ్డి, అన్నీ. బోధన్ పోయేటప్పుడల్లా బస్సు కిటికీలోంచి ఆమె చూసిన, మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ గేటు అదే.

"నాకు బుద్ధి తెల్సినకాడికెల్లి అది తెర్సి ఉండంగ సూడలే," అంది మెల్లగా. "తెర్సుకుంటదన్న సోయి రాలేదు."

వీరరాఘవయ్య తెర మీద గేటునే చూస్తున్నాడు. లింబయ్య మంచం దిగి వచ్చి, మోకాళ్లు పట్టుకుని, ఆయన పక్కనే కింద కూర్చున్నాడు.

"లోపలికి పోంగనే బండ్ల తూకానికి కాంటా," అన్నాడు.

"ఎడం పక్క," అన్నాడు వీరరాఘవయ్య.

"కుడి పక్క."

"ఎడం పక్కనయ్యా! కాంటా దాటాక ఎద్దులకు నీళ్ల తొట్టి. ఆ తర్వాత బండ్ల వరస."

"తొట్టి ముందుగాల. ఎండకు దూప మీదున్న ఎద్దు కాంటా మీద నిలవడ్తదా?"

శృతి ఎడిటర్‌లో గేటు అవతల ఉన్న ఉత్త బయలును దగ్గరికి తెచ్చింది. పొద్దు వాలుతోంది. రేపటికి ఎంత కట్టగలదో తెలియదు. కానీ కట్టడానికి ఏముందో ఇప్పుడు తెలుసు. తొట్టి ముందు పెట్టింది. కాంటా రెండు పక్కలా పెట్టి, "ఏది తీసెయ్యాల్నో మీరే తేల్చుకోరి," అంది.

శైలజ లోపలికి పోయి చాయ్ పెట్టుకొచ్చింది. ముందు మామకు కాదు, వీరరాఘవయ్యకు ఇచ్చింది. ఆ ఇంట్లో ఆయన చాయ్ తాగి ఏళ్లయింది.

"హైమా, లాప్‌టాప్ ఇక్కడే ఉండనీ," అన్నాడు ఆయన గ్లాసు ఊదుకుంటూ. "పొద్దున్నే నేనే మిమ్మల్ని బస్సెక్కిస్తా."

హైమ ఎగిరి గంతేయబోయి, తాతయ్య మొహం చూసి ఆగిపోయింది. శృతి చెయ్యి మాత్రం గట్టిగా నొక్కింది.

శైలజ అక్కడి నుంచి పోలేదు. కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"పెద్దయ్యా, ఒక మాట అడుగుత. కోపం చెయ్యొద్దు. ఆటల మీ సేన్లకెల్లి బాట ఇచ్చిన్రు. నిజంగ ఎప్పుడిస్తరు? మా ట్రాక్టర్ కాల్వ సుట్టు తిరుగుడే అయితున్నది."

లింబయ్య తువ్వాలు సవరించుకున్నాడు. శృతి మౌస్ ఆపింది.

వీరరాఘవయ్య చాయ్ చివరి గుక్కదాకా తాగాడు.

"ఈ ఏడు ముందు కొట్టేది ఎవరి చెరుకమ్మా?"

"మాదే. కూలోళ్లు వచ్చే వారం వస్తమన్నరు."

"అయితే ఈ ఏడూ మీ ట్రాక్టరు కాలువ చుట్టూ పోవాల్సిందే. మీది ఖాళీ అయ్యాక, ముందు గట్టు తెంపి బాట ఇవ్వాల్సింది నేను కాదు." ఆయన ఖాళీ గ్లాసు పైకెత్తి పట్టుకున్నాడు. "నువ్వు. నా ట్రాక్టరుకు ఇస్తావా?"

గ్లాసు అందుకోవడానికి చాపిన శైలజ చేయి సగం దూరంలో ఆగిపోయింది.